కాఫీ కళ్లంలో నిలబెట్టిన మనిషి

కొండతోట, చింతూరు పైన
20 నవంబరు 1983

రాఘవక్కకి రత్నం దండాలు.

బావ మోకాలి నొప్పి ఎలా ఉంది? ఆముదం వేడిచేసి రాయమను. మేం క్షేమంగానే చేరాం. చింతూరు దాటి ఘాటు ఎక్కుతుంటే బస్సులో నాకు కళ్లు తిరిగాయి గానీ, పైకొచ్చాక ఈ చలికి ఒళ్లు తేలికైంది. కంపెనీ ఇచ్చిన ఇల్లు రెండు గదులు, పైన రేకులు. ఈయన్ని స్టోరు ఇన్‌చార్జిగా వేశారు. తాళాలగుత్తి నడుముకు దోపుకుని తిరుగుతుంటే మన తాతయ్య గుర్తొస్తున్నాడు.

కాఫీ అంటే నువ్వు డబ్బాలో చూసే నల్లపొడే గదా. ఇక్కడ చూస్తే నమ్మవు. పెద్ద చెట్ల నీడన నడుమెత్తు మొక్కలు, కొమ్మ పొడుగునా రేగుపళ్లలాంటి ఎర్రటి పళ్లు. పచ్చివి ముట్టకుండా పండినవే ఏరాలి. సాయంత్రానికి మిషన్లో పోసి తొక్క ఒలుస్తారు. లోపలి గింజ బంకబంకగా ఉంటుంది. తొట్లలో నానేసి, బంక వదిలాక కడిగి, సిమెంటు కళ్లంలో ఎండబోస్తారు. మన వడ్ల కళ్లంలాగే, మనిషి దగ్గరుండి తిరగేస్తూ ఉండాలి. ఎండాక ఈయన స్టోరుకు చేరతాయి. ఒలిచిన తొక్కల కుప్ప పులిసిన వాసనకు మొదట్లో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేదాన్ని. ఇప్పుడు అన్నం తినేటప్పుడు కూడా తెలియడం లేదు.

పళ్లు ఏరడానికి మీ పెనుబల్లి పక్క తండాల నుంచే ఆడవాళ్లను లారీలో తెచ్చారు. వాళ్లలో చాంది అని ఒకామె నన్ను చూడగానే, “నువ్వు బస్సుల కాడ హోటలమ్మ చెల్లెవా? గదే ముక్కు” అంది. ఇక్కడ నాతో మాట్లాడే ఆడమనిషి ఆమే. చంటిపిల్లను చంకనేసుకుని మధ్యాహ్నం మా వసారాలో కాసేపు కూర్చుంటుంది.

ఈయన ఇంటికి కొన్ని గింజలు తెచ్చారు, స్టాఫుకు ఇస్తారట. ఒక సంచిలో నీకూ పంపుతున్నాను. వేయించి పొడి చేసుకోండి.

నీ చెల్లెలు
సుబ్బరత్నం

---

పెనుబల్లి
5 డిసెంబరు 1983

రత్నానికి అక్క దీవెనలు.

నీ గింజలు మా కొంప అంటించేవే తల్లీ! వేయించమన్నావని మూకుట్లో పోసి మంట పెంచాను. పైన పొట్టేదో అంటుకుని భగ్గుమంది. హోటలంతా పొగ. సత్తుపల్లి బస్సులో కూర్చున్న వాళ్లు కూడా దిగి పరుగెత్తారు. కండక్టరు బక్కెట్టు తీసుకుని వచ్చి మా పొయ్యిలో నీళ్లు గుమ్మరించాడు. మీ బావ ఆ మోకాలితోనే గెంతాడు, ఇక నొప్పి సంగతి అడక్కు. పంపేదానివి ఎలా చెయ్యాలో రాయొద్దూ? ఇంకా సగం సంచి ఉంది.

ఆ చాంది నాకు తెలుసు. ధన్‌సింగ్ భార్య. సంతనాడు వచ్చి బయటి బల్ల దగ్గర చాయ్ తాగిపోతుంటారు. వాళ్ల గ్లాసులు మేం వేరే పెడతాం, నీకు తెలుసుగా. మంచిదే గానీ మరీ వసారా ఎక్కించుకోకు. రేపు పనిలో ఒక మాట అనాల్సి వస్తే నోరు రాదు.

మధిర నుంచి అత్తయ్య వచ్చి వెళ్లింది. నీకు కొండలో పులులున్నాయా అని అడుగుతోంది. పొట్టు సంగతి వెంటనే రాయి.

అక్క
రాఘవమ్మ

---

కొండతోట
16 డిసెంబరు 1983

అక్కా,

ఉత్తరం చదివి నవ్వాను, మళ్లీ నిన్ను తలుచుకుని జాలిపడ్డాను. తప్పు నాదే.

కళ్లంలో ఎండిన గింజకు పైన గట్టి పొర ఉంటుంది. రోట్లో పోసి నెమ్మదిగా దంచు, గింజ పగలకూడదు. చాటలో చెరిగితే పొర ఎగిరిపోయి లోపల ఆకుపచ్చ గింజ మిగులుతుంది. దాన్ని ఇనపమూకుట్లో సన్నసెగ మీద, చెయ్యి ఆపకుండా కలుపుతూ వేయించాలి. ముందు పచ్చిగడ్డి వాసన వస్తుంది, భయపడకు. తర్వాత పసుపు తిరుగుతుంది, వేరుశెనగలు వేయించిన వాసన వస్తుంది. చిటపటమన్నాక కళ్లు దాని మీదే ఉంచు. వక్కరంగు రాగానే చాటలో పోసి విసురు. మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికే మాడిపోతుంది. బాగా ఆరాక పొడి కొట్టించు. చికోరీ మీరు కలిపేటంత కలపొద్దు, దీని రుచి చచ్చిపోతుంది.

ఇంకో సంగతి. రాయాలా వద్దా అనుకున్నాను. స్టోరులో గింజలు తగ్గుతున్నాయని మేనేజరుగారు పట్టుబట్టారు. సాయంత్రం గేటు దాటే ప్రతి మనిషినీ తడిమి చూడాలట. మగవాళ్లను వాచ్‌మన్ చూస్తాడు. ఆడవాళ్లను చూడటానికి స్టాఫులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. “నాకు కుదరదండీ” అన్నాను ఈయనతో. “నా ఉద్యోగం నిలవాలని ఉందా లేదా?” అన్నారు.

మొదటిరోజు నా చేతులు ఎక్కడ వెయ్యాలో తెలియలేదు. చాంది వంతు వచ్చినప్పుడు తనే చేతులు పైకెత్తి నవ్వింది. “జల్దీ చూడమ్మా, పొయ్యి ముట్టియ్యాలె.” ఇంటికొచ్చి సబ్బుతో చేతులు కడుక్కున్నాను. ఎందుకు కడిగానా అని తర్వాత ఇంకా సిగ్గేసింది.

రత్నం

---

పెనుబల్లి
3 జనవరి 1984

రత్నానికి దీవెనలు.

ఈసారి గెలిచాం! వక్కరంగుకు తెచ్చి, సత్తుపల్లిలో మిల్లు పట్టించి, చికోరీ చిటికెడే వేశాను. డికాక్షను దిగుతుంటే వాసనకు బస్సులోంచి తలలు బయటికొచ్చాయి. వైరా వెళ్లే మేష్టార్లు ఇప్పుడు ఒక బస్సు వదిలేసి మరీ తాగుతున్నారు. మీ బావ బోర్డు మీద ‘కొండ కాఫీ’ అని రాయించాడు.

గేటు దగ్గర పని గురించి ఏదో రాశావు. దానికంత బాధ దేనికి? నిన్ను నమ్మబట్టే గదా అప్పజెప్పారు. నలుగురిలో నీకో హోదా. చెయ్యి పెట్టి చూస్తే అరిగిపోతారా? గింజలు మాత్రం ఆపకు. బోర్డు రాయించాక లేవంటే నలుగురిలో నవ్వులపాలవుతాం.

అక్క

---

కొండతోట
19 జనవరి 1984

అక్కా,

హోదా అని రాశావు. ఆ హోదాతో నేనేం చేశానో చెబుతాను.

మొన్న సాయంత్రం గేటు దగ్గర చాందిని తడుముతుంటే ముసుగుకొంగు చివర ముడి చేతికి తగిలింది. లోపల గుండ్రంగా ఏవో ఉన్నాయి. నాకేమైందో తెలియదు. పాము మీద చెయ్యి పడ్డట్టు అదిరిపడి “ఉన్నాయి! ఇక్కడున్నాయి!” అని అరిచాను. ముడి విప్పి చూడకముందే అరిచాను అక్కా. వాచ్‌మన్ వచ్చాడు, మేనేజరు వచ్చాడు, ఈయనా వచ్చారు. విప్పితే గుప్పెడు కాఫీపళ్లు. చెట్టున కోసిన ఎర్రపళ్లు. స్టోరులో తగ్గినవి ఎండిన గింజలు. ఆ తేడా అక్కడున్న వాళ్లందరికీ తెలుసు. ఎవరూ అనలేదు.

ఆమె పిల్లకు జ్వరం. గుడిసెలో పడుకుని ఏదీ తినడం లేదు. కాఫీపండు తొక్క చప్పరిస్తే తియ్యగా ఉంటుంది. ఆ సంగతి ఆమె మధ్యాహ్నం మా వసారాలోనే నాకు చెప్పింది. ‘నాలుగు పళ్లు తీస్కపోత, నోరన్న తియ్యగైతది’ అంది. నేను ఊఁ అన్నాను.

చాంది నా వైపు తిరిగింది. “అమ్మా, నువ్వు చెప్పు. నా బిడ్డకే అని నీకెర్కనే గద” అంది.

నేను ఈయన ముఖం చూశాను. ఈయన “దొంగ దొరికింది గదా సార్” అన్నారు. నేను నోరు తెరవలేదు.

మర్నాడు పొద్దున ఆ పళ్లను దారానికి గుచ్చి ఆమె మెడలో వేసి కళ్లం మధ్యన నిలబెట్టారు. చుట్టూ గింజలు తిరగేసే ఆడవాళ్లు ఆమెకు తగలకుండా పార లాగుతున్నారు, గుంజకు తగలకుండా లాగినట్టు. మా కిటికీలోంచి కనిపిస్తుంది. తలుపు వేసుకున్నాను. పొద్దు వాలాక లారీ ఎక్కించి పంపేశారు. పిల్లను గుడిసెలోంచి ఎవరు తెచ్చిచ్చారో కూడా నాకు తెలియదు.

అన్నం సహించడం లేదు. నాలుగు మంచిమాటలు రాయి.

రత్నం

---

పెనుబల్లి
6 ఫిబ్రవరి 1984

రత్నానికి,

నీది మెత్తటి మనసు, చిన్నప్పుడు కోడిని కోస్తే జ్వరం తెచ్చుకునేదానివి. జరిగిందేదో జరిగింది. దాని దగ్గర దొరికిన మాట నిజమే గదా? పళ్లయితేనేం, గింజలయితేనేం. ఇవాళ పళ్లు తీసినది రేపు గింజలు తియ్యదని ఏముంది?

ఇక్కడ కూడా పొక్కింది. తండాలో కూర్చోబెట్టి అడిగారట. ధన్‌సింగ్ తలెత్తుకోలేక సంతకు రావడం మానేశాడు. ‘కాఫీ దొంగ’ అని పిల్లలు వెంటబడుతున్నారట. మిర్చి ఏరే కాలం గదా, ఆమెను మాత్రం ఏ రైతూ పిలవడం లేదు. మొన్న నా దగ్గరికే వచ్చింది, గ్లాసులు కడిగే పనన్నా ఇమ్మని. నువ్వు రాసింది మనసులో ఉందిగా, “దొంగలకు నా దగ్గర పని లేదు” అన్నాను. బల్ల దగ్గర నలుగురూ విన్నారు. పోతూ పోతూ లోపలికి ఒకసారి చూసింది, అప్పుడే డికాక్షను దించాను.

అన్నట్టు మరిదిగారికి చెప్పు, ఈసారి తెచ్చిన మూట క్రితం దానికంటే బాగుంది, గింజ పెద్దది. పాపం, పోయిన నెలలోనూ, ఇప్పుడూ తనే మోసుకుని బస్సులో తెచ్చారు. భద్రాచలం పని మీద వచ్చానన్నారు. నువ్వు ఒక్క ముక్కన్నా రాయలేదేం? నాకు చెప్పకుండా సంబరపెడదామనా?

అక్క

---

కొండతోట
17 ఫిబ్రవరి 1984

అక్కా,

నేను నీకు పంపింది మొదటి సంచి ఒక్కటే. మూటలు నాకు తెలియవు.

నీ ఉత్తరం ఈయన ముందు పెట్టాను. చదివి మడిచి ఇచ్చారు. “మీ అక్కే గదా అడిగింది. బోర్డు రాయించాం, ఆపొద్దంటూ కబురు పెట్టింది. నీ పుట్టింటివాళ్లకు చేశాను గానీ నా వాళ్లకు దోచిపెట్టానా?” అన్నారు.

“స్టాఫుకు ఇస్తారన్నారు గదా?”

“అడిగితే ఇస్తారు. అడగలేదు.”

“మరి చాందిని నిలబెట్టిన రోజు మీరు అక్కడే ఉన్నారు.”

“ఆమెను పట్టుకున్నది నేనా?” అన్నారు.

అవును అక్కా. పట్టుకున్నది నేనే. తగ్గిన గింజలు నీ పొయ్యి మీద వేగుతుంటే, నేను ఇక్కడ గేటు దగ్గర నిలబడి వాళ్ల రవికలు తడిమాను. ఇప్పుడు ఆ ఆడవాళ్లు నన్ను చూస్తే తామే చేతులు ఎత్తేస్తున్నారు, నేను గేటు దగ్గర లేకపోయినా, దారిలో ఎదురైనా. వెక్కిరింపో, భయమో నాకు తెలియడం లేదు. నేను పక్కదారి పట్టి పోతున్నాను.

నువ్వు ఆ కాఫీ పొయ్యడం ఆపు. ముందు ఆపు. చాందిని మళ్లీ పిలిచి ఒక మాట చెప్పు.

రత్నం

---

పెనుబల్లి
26 ఫిబ్రవరి 1984

రత్నం,

నన్ను దొంగను చేశావు. సంతోషం.

చుట్టాలు మామిడిపళ్లు పంపితే ఏ తోటలోవని అడుగుతామా? చెల్లెలి మొగుడు చేత్తో ఇచ్చాడు, తీసుకున్నాను. అది తప్పయితే లోకంలో వియ్యాలూ పెట్టుపోతలూ ఏవీ ఉండవు. ఇక నువ్వు మేనేజరు దగ్గరికి పోతావేమో, నాకు నీ సంగతి తెలుసు. పోతే ఏమవుతుంది? మరిదిగారి ఉద్యోగం పోతుంది. ఆయన నిన్ను జన్మలో క్షమించడు. ఆ చాందికి ఒరిగేది ఏమీ లేదు. తండావాళ్లు నాలుగురోజులు అనుకుంటారు, మర్చిపోతారు. మనవాళ్లు మర్చిపోరు. అత్తయ్య చెవిన పడిందంటే మధిర దాకా మన ముఖం చూపించలేం.

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టాను. బోర్డు తీయించను. ఇలాంటివి రాసేటట్టయితే ఇక రాయొద్దు.

రాఘవమ్మ

---

భద్రాచలం
14 మార్చి 1984

అక్కా,

రాయొద్దన్నావు. ఇదొక్కటి చదువు.

మేనేజరుగారి గదికి నేను వెళ్లలేదు. గదిలో చెప్పింది గదిలోనే ఉండిపోతుంది. కళ్లంలో ఆఖరి గింజలు తిరగేస్తున్నప్పుడు, అందరూ ఉండగా వెళ్లి చెప్పాను. గింజలు తీసింది మా ఇంటాయన, తిన్నది మా పుట్టింటివాళ్లు, చాంది కొంగున ఉన్నవి జ్వరంలో ఉన్న పిల్లకని నాకు ముందే తెలుసు అని చెప్పాను. నీ పేరు పలకలేదు. మేనేజరుగారు, “ఇంట్లో తేల్చుకోవాల్సింది కళ్లంలోకి తెచ్చావేంటమ్మా” అని విసుక్కున్నారు. నేను తలదించుకుని నిలబడ్డాను. మా ఆయన్ని పనిలోంచి తీసేశారు. చాందిని మళ్లీ పిలిపించి ఒక మాట చెప్పండి అన్నాను. “సీజను అయిపోయింది” అన్నారు.

భద్రాచలంలో ఒక గది కిరాయికి తీసుకున్నాం. ఆయన నాతో మాట్లాడటం లేదు. కంచం పెడితే తింటున్నారు.

సోమవారం నేనొక్కదాన్నే పెనుబల్లి వచ్చాను. నీ హోటలు ముందునుంచే నడిచాను. ఆగితే ఇక తండా దాకా పోలేనని ఆగలేదు.

చాంది ఇంటి ముందు కూర్చుని కట్టెపుల్లలు విరుస్తోంది. పిల్ల ఆమె ఒళ్లో ఉంది, బాగానే ఉంది. నన్ను చూసి లేవలేదు. దగ్గరికి వెళ్లి, వంగి, నెమ్మదిగా చెప్పాను, తప్పు మాదేనని. విన్నది. విని, “గిప్పుడు నా చెవుల చెప్తవేందమ్మా? నన్ను పట్టినప్పుడు కొండంత ఇనపడేటట్టు ఒర్లినవ్. గంతే గట్టిగ చెప్పు” అంది.

“ఎవరికి?”

“అందరికి.”

ఆమే లేచి వాళ్ల భాషలో కేకేసింది. మిర్చి చేలనుంచి అప్పుడే వచ్చినవాళ్లు మూటలు దించకుండానే నిలబడ్డారు. ధన్‌సింగ్ దూరంగా గోడకు ఆనుకుని ఉన్నాడు. చెప్పడం మొదలుపెట్టాను. వెనకనుంచి ఎవరో “ఇనొస్తలేదు” అన్నారు. మళ్లీ చెప్పాను. ఆమె దొంగ కాదు, దొంగలం మేం అని. ఆ మాట నా నోట్లోంచి అంత పెద్దగా వస్తుందని నాకే తెలియదు. ఒకతను చాంది వైపు చూసి తలదించుకున్నాడు.

చాంది నన్ను కూర్చోమనలేదు. నీళ్లు ఇవ్వలేదు. “బస్సు పోతది, ఇగ పో” అంది. మాఫ్ చేశావా అని అడుగుదామని ఆగాను. అడగకపోవడమే మంచిదయింది. అది కూడా ఆమె దగ్గర తీసుకోవడమే అయ్యేది.

రత్నం

---

పెనుబల్లి
23 మార్చి 1984

రత్నానికి,

నువ్వు బస్సు దిగడం చూశాను.

గల్లాపెట్టె దగ్గరున్నాను. తలమీద కొంగు కప్పుకుని రోడ్డు దాటుతున్నావు. పిలిస్తే వినపడేంత దూరం. నేను లేచి పొయ్యి వెనక్కి వెళ్లిపోయాను. కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతూ, నువ్వు తిరిగి వెళ్లి బస్సు ఎక్కేదాకా బయటికి రాలేదు. సొంత చెల్లెలిని చూసి దాక్కున్నాను. మీ బావ “రత్నంలా ఉందే” అంటే “కాదు” అన్నాను.

నువ్వు నా పేరు పలకలేదని రాశావు. ఆ వాక్యం చదివాక నాకు నిద్ర లేదు. పలికి ఉంటే నీ మీద కోపం పెట్టుకుని బతికేదాన్ని.

నిన్న సంత. హోటలు నిండుగా ఉంది. ‘కొండ కాఫీ’ అడిగారు. మీ బావ వద్దని సైగ చేస్తున్నా చెప్పేశాను. “ఆ గింజలు దొంగతనంగా వచ్చినవి. మా ఇంటి మనుషులే తెచ్చారు. చాంది దొంగ అని నేను ఇక్కడ నిలబడి అన్నాను, అది అబద్ధం” అన్నాను. వైరా మేష్టారొకాయన, “దొంగదైతే ఏమైంది రాఘవమ్మగారూ, రుచి మంచిగుండె. ఏమన్న మిగిలిందా?” అన్నాడు. హోటలంతా నవ్వింది. రోజూ నన్ను గౌరవంగా పలకరించే మనుషులే. వాళ్ల నవ్వులో నేను రాసిన ఉత్తరాలన్నీ వినిపించాయి నాకు.

ధన్‌సింగ్ బయటి బల్ల దగ్గర ఉన్నాడు, చాలారోజులకు సంతకు వచ్చి. అతను నవ్వలేదు. వేరే పెట్టే ఆ గ్లాసు బల్ల మీద పెట్టి, తాగకుండా వెళ్లిపోయాడు.

పాలు పొయ్యి మీదే వదిలేసి అతని వెనక నడిచాను. అతను ఒక్కసారీ తిరిగి చూడలేదు, నేనూ పిలవలేదు. తండా చేరేసరికి అతను ఎటో వెళ్లిపోయాడు. చాంది ఇంటి గుమ్మంలో ఒక ముసలామె ఉంది, చూపు సరిగా లేదు.

“చాంది లేదు, మిర్చికి పిలిచిన్రు, పోయింది” అంది. ఆ మాటకు నాకు కాస్త ఊపిరాడింది. “నువ్వెవలు?” అంది.

హోటలు రాఘవమ్మనంటే చాలు, ఈ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. ఆ పేరు చెప్పబుద్ధి కాలేదు.

“చాందిని దొంగను చేసిన కాఫీ ఉంది గదా. అది అడిగి తెప్పించుకున్నది, అమ్ముకున్నది నేను” అన్నాను.

ఆమె చేత్తో తడిమినట్టు నా ముఖం వైపు చూసింది. “నాకెందుకు చెప్తవ్? కూసో. అదొచ్చినంక దానికి చెప్పు” అంది.

కూర్చున్నాను రత్నం, వాకిట్లో, ఎండలోనే. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ముఖం దాచుకోబోయి చెయ్యి దించేశాను. పొద్దు గుంకే వేళకు చాంది వచ్చింది. నన్ను చూసి ఆగింది. నేను లేచి నిలబడ్డాను, గట్టిగానే చెప్పాను.

అక్క